చూపున్నప్పుడే చూపించుకోవాలి
(గుర్రంకొండ సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కూటాల్లో ఒక్కొక్క పాస్టరు ఒక్కొక్క విషయము మీద మాట్లాడాలని నిర్ణయించినప్పుడు, మమ్మల్ని సంఘ చరిత్ర మీద మాట్లాడమన్నారు. చరిత్ర చెప్పగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక, మేము కంటి పరీక్షను గురించి మాట్లాడతామని అడిగి తీసుకున్నాము. కంటి డాక్టరు చెప్పవలసిన సంగతి పాస్టరుకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

నాలుగేండ్ల క్రితము, పంట పండుగ ముగిసిన వారములో, ఆలయ ఆవరణలో ఉచిత కంటి శిబిరము పెట్టించాము. వేపచెట్టు కింద షామియానా వేశారు. స్త్రీల సమాజము వారు మజ్జిగ పోశారు. గోడకు అక్షరాల పలక తగిలించి, ఒక్కొక్కరిని దూరముగా నిలబెట్టి చదివించారు. టార్చి వేసి చూసి, శుక్లాలున్నవారిని ఆపరేషనుకు రాశారు. చత్వారము వచ్చినవారికి అద్దాలు ఇచ్చారు. వచ్చినవారు ఏమి చేస్తామన్నారో అది చక్కగా చేసి వెళ్ళారు. వారి పనిలో లోపము లేదు. గేటు దగ్గర కూర్చుని రిజిస్టరు రాసినది మేము. లోపము ఆ రిజిస్టరులో ఉన్నది.

మా సంఘ పెద్ద ఒకరు ఆ రోజు వరుసలో నిలబడ్డారు. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవారు. ఆదివారము ఆరాధనలో వాక్యపఠనము ఆయనదే. పదిహేనేండ్లుగా షుగరు వ్యాధి ఉన్నది. పలక మీద ఆఖరి వరుస దాకా ఆయన తడుముకోకుండా చదివేశారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. మేము రిజిస్టరులో ఆయన పేరుకెదురుగా “కండ్లు బాగున్నాయి” అని రాశాము. అంతటితో ఊరుకోక, “పంతులుగారూ, ఇంకో పదేండ్లు మీకు దిగులు లేదు” అని నోటితో కూడా చెప్పాము.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారము ఆయన వాక్యము చదువుతూ మధ్యలో ఆగిపోయారు. కుడి కంటి ముందు నల్లటి దారాలు ఆడుతున్నాయన్నారు. రక్తపోటు అయి ఉంటుంది, విశ్రాంతి తీసుకోండి అన్నాము. ప్రార్థన చేశాము. ప్రార్థన చేసినందుకు మేము చింతించము. చేసి ఊరుకున్నందుకు చింతిస్తున్నాము. ఆ వారములో ఒక పెండ్లి, ఒక కమిటీ కూటము ఉండినవి. పది రోజుల తరువాత ఆయనను పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయేసరికి ఆ కంటి నిండా రక్తము నిండియున్నది, లోపలి పొర ఊడి వచ్చింది. ఆపరేషను చేశారు. ఆ కంటితో ఇప్పుడు ఎదుట చెయ్యి ఆడితే ఆడినట్టు తెలుస్తుంది, అంతే. ఎడమ కంటిలోనూ అదే జబ్బు మొదలై ఉండగా, లేజరు చేసి దానిని నిలబెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన మెల్లగా అన్న మాట మాకు నేటికీ చెవిలో ఉన్నది. “అయ్యగారూ, ఆ పొద్దు పలక మీద రాసిండేది నేను చదివినాను గానీ, నా కంట్లో ఏం రాసుండాదో ఎవురూ చదవలేదు.”

ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాటకు వివరణ. అక్షరాలు చదవడము చూపు పరీక్ష. కంటి పరీక్ష వేరే ఉన్నది. చూపు బాగున్నా కన్ను బాగుండకపోవచ్చు. మన గుర్రంకొండ కోటను చూడండి. రోడ్డు మీదనుండి చూస్తే కొండ చెక్కుచెదరనట్టే ఉంటుంది. ఎక్కి చూసినవానికే ఎక్కడ ఏ గోడ కూలిందో తెలుస్తుంది.

కంటికి వెనుకవైపున, గోడకు కాగితము అంటించినట్టు, ఒక పలుచని పొర ఉన్నది. దానిని రెటీనా అంటారు. తెలుగు పుస్తకాల్లో నేత్రపటలమని రాస్తారు. దాని మందము సుమారు పావు మిల్లీమీటరు. వెలుతురును పట్టుకునే కణాలు ఒక్కొక్క కంటిలో పన్నెండు కోట్లకు పైగా ఉన్నాయి. వాటి కబురును మెదడుకు మోసే నరములో పది లక్షలకు పైగా సన్నని పోగులున్నాయి. ముందున్న నల్లగుడ్డు కిటికీ అయితే, ఈ పొర ఇంటిలోని మనిషి. కిటికీ అద్దము మసకబారితే శుక్లము. దానిని తీసి కొత్త అద్దము పెట్టవచ్చు. లోపలి మనిషి పోతే తెచ్చి పెట్టలేము.

ఈ పొరకు నొప్పి తెలియదు. అదే దాని చిక్కు. పంటికి పుండు పడితే రాత్రంతా నిద్రపోనివ్వదు. రెటీనా మీద రక్తము చిమ్మినా మనము సంగటి తిని హాయిగా పడుకుంటాము. షుగరు ఎక్కువగా ఉన్నకొద్దీ అక్కడి సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. కొన్నిచోట్ల కారుతాయి, కొన్నిచోట్ల మూసుకుపోతాయి. రక్తము అందని చోట కొత్త నాళాలు పుడతాయి. అవి పిలకలవంటివి, పట్టు లేనివి. ఒకనాడు అవి చిట్లితే కన్ను రక్తముతో నిండుతుంది. అవి మచ్చకట్టి లాగితే పొర ఊడుతుంది. ఇదంతా ఏండ్ల తరబడి జరుగుతుంది. నడిమధ్యన, చూపుకు కేంద్రమైన మాక్యులా చెడనంతకాలము ఆ మనిషి పలక మీద ఆఖరి వరుస చదువుతూనే ఉంటాడు. మా పంతులుగారు చదివినది అట్లాగే.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే కష్టము కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సహాయముతో జరిగిన దేశవ్యాప్త పరిశీలన 2023లో వెలువడింది. దాని ప్రకారము దేశములో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు, అనగా పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా. ఈ ఆలయములో నూరు మంది పెద్దలు కూర్చుంటే ఆ లెక్కన ఎందరో మీరే చూసుకోండి. 2022లో వెలువడిన మరొక అధ్యయనములో, 40 ఏండ్లు దాటిన షుగరు రోగులలో సుమారు 12.5 శాతము మందికి రెటీనా జబ్బు కనబడింది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1996 నుండి 2000 వరకు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులుగా తేలారు. అప్పట్లో అన్నిటికంటె పెద్ద కారణము శుక్లాలు. శుక్లాలకు ఆపరేషనులు పెరిగినకొద్దీ, షుగరు పెరిగినకొద్దీ, రెటీనా వంతు మనము మరింత జాగ్రత్తగా చూసుకోవలసిన కాలము వచ్చింది.

మరి ఆ లోపలి పొరను చూడడము ఎట్లా? మనిషి పుట్టినప్పటినుండి 19వ శతాబ్దము వరకు బ్రతికియున్న మనిషి కంటి లోపలికి ఎవరూ సరిగా చూడలేకపోయారు. 1851లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపు అనే చిన్న పరికరమును లోకమునకు వెల్లడి చేశాడు. వెలుతురును కంటిలోనికి పంపి, అది తిరిగి వచ్చే దారిలోనే డాక్టరు కన్ను పెట్టి చూడడము దానిలోని కిటుకు. శరీరమును కోయకుండా రక్తనాళాలను ఉన్నవి ఉన్నట్టు కంటితో చూడగల చోటు ఇదొక్కటే. అందుకే మంచి వైద్యుడు కంటిలో చూసి రక్తపోటును, షుగరును కూడా పసిగడతాడు.

ఆ తరువాత చూసినదానిని ఫోటో తీసే కెమెరాలు వచ్చాయి. ఇప్పుడు ఆసుపత్రికి పోతే ముందు కంటిలో చుక్కలు వేస్తారు. నల్లగుడ్డు పెద్దది కావడానికి అరగంట పడుతుంది. తరువాత గడ్డము ఒక పీట మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి, లోపల కనబడే చిన్న దీపమును చూడమంటారు. ఒక్కసారి మెరుపు మెరుస్తుంది, అయిపోయింది. సూది లేదు, కోత లేదు. కొన్ని కెమెరాలకు చుక్కలు కూడా అక్కరలేదు. చుక్కలు వేసినవారికి కొన్ని గంటలు దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి, ఎండ కండ్లలో గుచ్చుతుంది. అంతే నష్టము. కాబట్టి మోటారుసైకిలు తోలుకొని ఒంటరిగా పోకండి. తోడు తీసుకొనిపోండి.

మామూలు కెమెరా ఒక ఫోటోలో రెటీనా నడిమి భాగమునే, సుమారు 45 డిగ్రీల మేర పడుతుంది. అంచులు దానికి అందవు. స్కాట్లాండు దేశములో డగ్లస్ ఆండర్సన్ అనే ఇంజనీరు కుమారునికి చిన్న వయసులోనే ఒక కంటి రెటీనా ఊడిపోయింది. అది బయటపడేసరికి ఆలస్యమైపోయి ఆ కంటి చూపు పోయింది. పసివాడు కదలకుండా కూర్చోలేడు, పరీక్ష అంటే ఏడుస్తాడు. ఆ తండ్రి ఊరుకోలేదు. 1992లో ఆప్టోస్ అనే సంస్థను పెట్టి, లేజరు కాంతితో ఒక్క క్షణములో 200 డిగ్రీల మేర రెటీనాను చిత్రించే యంత్రమును తయారుచేయించాడు. ఒక తండ్రి ఆలస్యము వలన పడిన బాధ ఇతరుల పిల్లలకు కాపుదల అయింది. ఆ సంగతి చదివినప్పుడు మాకు మా రిజిస్టరు గుర్తుకు వచ్చింది.

ఇంకొకటి ఓ.సి.టి. అనే స్కాను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో మొదలైనవారు 1991లో దీనిని లోకమునకు తెలియజేశారు. కడుపులో బిడ్డను శబ్ద తరంగాలతో చూసినట్టే, ఇది వెలుతురుతో రెటీనా పొరలను చూస్తుంది. రొట్టెను కోసి పక్కనుండి చూస్తే లోపలి వరుసలు ఎట్లా తెలుస్తాయో అట్లా, మిల్లీమీటరులో వందో వంతుకంటె చిన్న తేడాను కూడా పట్టి ఇస్తుంది. మాక్యులా వాచినదా, నీరు చేరినదా, నీటికాసుల వ్యాధిలో నరపు పోగులు పలుచనవుతున్నాయా అని చూడడానికి ఇది మంచి సాధనము. ఇందులో ఎక్స్‌రే లేదు, కంటిని తాకడము లేదు. అయితే ఇది అందరికీ ప్రతిసారీ అవసరము కాదు. డాక్టరు చూసి, కావాలంటేనే తీయించుకోవాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. మా సంఘపు అవ్వ ఒకామెను కంటి స్కానుకు రమ్మంటే, “ఆధారు కార్డు తీసేటప్పుడు తీసినారు కదా నాయనా, మళ్ళా ఎందుకు?” అన్నది. ఆధారుకు తీసేది కంటి ముందు భాగములో నల్లగుడ్డు చుట్టూ ఉన్న వలయపు గుర్తు. అది మనిషి ఎవరో చెబుతుంది. రెటీనా స్కాను కంటి వెనుకగోడను చూస్తుంది. అది మనిషికి ఏమి జబ్బు ఉన్నదో చెబుతుంది. రెండింటికీ సంబంధము లేదు.

ఫోటో తీస్తే చాలదు, చదివేవారు కావాలి. మన పల్లెల్లో రెటీనా డాక్టర్లు ఎక్కడ ఉన్నారు? అందుకే ఫోటోను దూరాన ఉన్న డాక్టరుకు పంపి చూపించే పద్ధతి వచ్చింది. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వము సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాలనే పేరుతో ఈ పని మొదలుపెట్టింది. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకము అనంతపురములో ప్రారంభమై, మొదట బడిపిల్లల కండ్లను పరీక్షించింది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారవచ్చు. అవసరము మారదు. యంత్రమే ఫోటోను చదివే విద్య కూడా వచ్చింది. 2016లో గూగుల్ సంస్థ పరిశోధకులు ప్రకటించిన అటువంటి ప్రయత్నములో, యంత్రానికి నేర్పిన ఫోటోలలో కొన్ని మదురై అరవింద్ ఆసుపత్రితో సహా మన దేశపు ఆసుపత్రులనుండి వెళ్ళినవే. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి గారు 11 పడకలతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. దాని శాఖ నేడు మన తిరుపతిలోనూ ఉన్నది.

యంత్రాలను ఇంతగా చెప్పి, వాటి హద్దులు చెప్పకపోతే మళ్ళీ మా రిజిస్టరు తప్పే చేసినట్టవుతుంది. శుక్లము ముదిరిన కంటిలో కెమెరాకు లోపల ఏమీ కనబడదు. చిన్న ఫోటోలో అంచున ఉన్న చిరుగు పడదు. షుగరు జబ్బును వెదికే యంత్రము “ఏమీ లేదు” అంటే, షుగరు జబ్బు కనబడలేదని మాత్రమే అర్థము. నీటికాసులకు కంటి ఒత్తిడి కొలవాలి, నరమును చూడాలి, పక్కచూపును పరీక్షించాలి. అందుచేత స్కాను కంటి పరీక్షలో ఒక భాగము. డాక్టరు చుక్కలు వేసి స్వయముగా చూసే పరీక్షకు అది బదులు కాదు. అన్నిటికంటె ముఖ్యము, జబ్బు ఉన్నదని తేలిన తరువాత చికిత్సకు పోకపోతే ఆ ఫోటో పెట్టెలో దాచుకున్న పెండ్లి ఫోటోవంటిదే.

చికిత్స ఉన్నది. అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన 1976లోనే తేల్చింది, కొత్త నాళాలు పుట్టిన కంటికి సకాలములో లేజరు చేస్తే తీవ్రముగా చూపు పోయే ప్రమాదము సగానికి పైగా తగ్గుతుందని. ఇప్పుడు కంటిలోనికి ఇచ్చే ఇంజక్షనులు వచ్చాయి, సూక్ష్మమైన ఆపరేషనులు వచ్చాయి. అయితే వీటి పని ఎక్కువగా ఉన్న చూపును నిలబెట్టడము. పోయినదంతా తిరిగి తెచ్చే శక్తి వాటికి లేదు. అందుకే “చూపు తగ్గినాక పోదాములే” అనే మాట అన్నిటికంటె ఖరీదైన మాట.

ఇక ఎవరెవరు, ఎప్పుడు పోవాలి? దయచేసి ఇంటికి పోయి మీవారితో చెప్పండి.

షుగరు ఉన్నదని తెలిసిన రోజే పెద్దవారు రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఆ తరువాత ఏమీ లేకున్నా ఏడాదికొకసారి. షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి నెలల్లోనే. షుగరు, రక్తపోటు అదుపులో పెట్టుకోవడము కంటికి మొదటి మందు. 40 ఏండ్లు దాటినవారు, ఇంటిలో ఎవరికైనా నీటికాసులున్నవారు, లావాటి మైనస్ అద్దాలు పెట్టుకునేవారు ఒకసారి లోపల చూపించుకోవాలి. కీళ్ళ జబ్బుకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఏండ్ల తరబడి మింగేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి చూపించుకోవాలి.

నెలలు నిండక, 34 వారాలకు ముందు, లేక రెండు కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ కండ్లను పుట్టిన 30 రోజులలోపుగా రెటీనా డాక్టరుకు చూపించాలి. మరీ చిన్న బిడ్డలైతే ఇంకా ముందే. ఆ బిడ్డ రెటీనా పూర్తిగా పెరిగియుండదు. ఆ కొన్ని వారాల్లో పట్టుకుంటే కాపాడవచ్చు, దాటితే జీవితాంతము చీకటి. బిడ్డ బరువు పెరిగిందని సంతోషించి ఇంట్లో కూర్చోకండి.

మన వైపు మేనరికాలు ఎక్కువ. పొద్దు గూకితే దారి తెలియని పిల్లలను “రేచీకటి” అని వదిలేస్తాము. కొందరికి అది విటమిన్ లోపము, మందుతో పోతుంది. కొందరికి అది వంశములో వచ్చే రెటీనా జబ్బు. దానిని ఈనాటికి చాలామందిలో నయము చేయలేకపోయినా, ముందుగా తెలిస్తే బిడ్డకు తగిన చదువు, తగిన పని చూపించవచ్చు. తరువాతి పెండ్లి సంబంధాలు ఆలోచించి చేసుకోవచ్చు.

ఒక్క విషయములో ఫోటో కోసము, శిబిరము కోసము కనిపెట్టుకొని ఉండకూడదు. కంటిముందు అకస్మాత్తుగా నల్ల చుక్కలు, దారాలు లేచినా, మెరుపులు మెరిసినా, తెర దిగినట్టు ఒకవైపు చీకటైనా ఆ రోజే పెద్ద కంటి ఆసుపత్రికి పోవాలి. అది ఆదివారమైనా సరే, ఆరాధన మధ్యలోనైనా సరే. ఈ మాట పాస్టరుగా చెబుతున్నాము.

మదనపల్లెకు ఇంత దగ్గరలో ఉన్న మనకు ఈ పాఠము కొత్తది కాదు. 1863లో డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ గారు మదనపల్లెకు వచ్చినప్పుడు వారి చేతిలో గ్రంథముతోపాటు మందుల పెట్టె కూడా ఉండినది. 1912లో మొదలైన ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రిని మీరందరూ ఎరుగుదురు. 1948 ఆగస్టులో మన దేశములో బి.సి.జి. టీకాల పని మొదలైనది మదనపల్లెలోనే. 1950 నుండి 1955 వరకు డాక్టర్ జోహన్నెస్ ఫ్రిమాట్-మోల్లర్ గారు మదనపల్లె చుట్టుపట్ల ఎక్స్‌రే యంత్రముతో జనుల గుండెలను ఫోటో తీయించారు. దగ్గు ఉన్నవారినే కాదు, దగ్గు లేనివారిని కూడా. ఏ బాధా లేని మనిషిని ఎందుకు నిలబెట్టి ఫోటో తీస్తున్నారని ఆనాటివారికీ అనిపించి ఉంటుంది. జబ్బు తన పేరు తాను చెప్పుకోకముందే దానిని కనిపెట్టడము ఆ పని ఉద్దేశము. మన తాతలు గుండె విషయములో నిలబడినట్టే మనము కంటి విషయములో నిలబడాలి.

ఇప్పుడు మా సంఘములో ఏమి చేస్తున్నామో చెప్పి ముగిస్తాము. బాప్తిస్మపు రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు, సమాధుల రిజిస్టరు మనకు ఉన్నాయి. మేము వాటి పక్కన ఒక నోటుపుస్తకము పెట్టాము. దానికి చూపు పుస్తకమని పేరు. అందులో “బాగున్నది, బాగులేదు” అని మేము రాయము. ఆ మాట రాసే అధికారము మాకు లేదని నేర్చుకున్నాము. ఇష్టపడి చెప్పినవారి పేరు, షుగరు ఎన్నాళ్ళనుండి, కంటి లోపల కడపట చూపించుకున్న తేదీ, మళ్ళీ పోవలసిన తేదీ, అంతే రాస్తాము. దానిని ఆలయములో చదివి వినిపించము. తేదీ దగ్గర పడితే ఇంటికి పోయి గుర్తు చేస్తాము. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యపు కానుకలో ఒక భాగము బస్సు ఛార్జీలకు కేటాయించారు. చుక్కలు వేసినవారికి తోడుగా ఒక యౌవనస్థుడు పోతాడు.

మొదటిసారి పదునాలుగు మందిమి కలిసి వెళ్ళాము. ఆధారు అవ్వను కూడా బ్రతిమాలి తీసుకొనిపోయాము. దారి పొడుగునా ఆమె ఒకటే మాట. “చాటలో బియ్యం పోస్తే రాయి ఏడుందో చెబుతాను. నాకెందుకీ తిప్పలు?” అని. రాయి ఏరగల ఆ కంటిలోనే లేజరు చేయవలసిన జబ్బు బయటపడింది. చేశారు. ఈనాటికి అవ్వ రాళ్ళు ఏరుతూనే ఉన్నది. ఆమె ఇప్పుడు తన వీధిలో షుగరు ఉన్నవారిని మాకంటె గట్టిగా తరుముతున్నది. మా కంటిని కూడా ఆ రోజే చూపించుకున్నాము. ఏమీ లేదన్నారు. ఆ “ఏమీ లేదు” అనేది ఆ రోజుకు చెప్పిన మాట. రాబోయే ఏండ్లలో పోల్చి చూడడానికి ఆ ఫోటో ఉంటుంది.

కుప్పము వైపు సంఘాలవారికి అక్కడి పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. పుంగనూరు, మదనపల్లె వారికి తిరుపతి, వేలూరు, బెంగుళూరు దారులున్నాయి. ఎక్కడికి పోవాలన్నది మీ వీలు. వెళ్ళినప్పుడు అడగవలసిన ప్రశ్న మాత్రము ఒక్కటే. “అయ్యా, అద్దాల సంగతి తరువాత. నా కంటి వెనుకగోడ చూశారా?” ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. యెరికో దారిలో గుడ్డి బర్తిమయి జనులు ఊరుకోమన్నా ఊరుకోక కేక వేశాడు గనుకనే అతని సంగతి నేటికీ చెప్పుకుంటున్నాము.

పంతులుగారు ఇప్పుడు ఎడమ కంటితో వాక్యము చదువుతున్నారు. పుస్తకము కొంచెము పక్కకు తిప్పి పట్టుకుంటారు. ఆయన అట్లా తిప్పినప్పుడల్లా మా రిజిస్టరు మాకు గుర్తుకు వస్తుంది. ఈ నూరేండ్ల పండుగ జ్ఞాపకముగా ప్రతి సంఘములోనూ ఒక చూపు పుస్తకము మొదలుపెట్టండి. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. మా పుస్తకములో మొదటి పేరు పంతులుగారిది. ఆయనే తన చేతితో రాసుకున్నారు.